గిద్ద, సోల, తవ్వ – కంప్యూటరు లెక్క

పెద్దలారా! మన యిండ్లలోని పిల్లలు కంప్యూటరు మీటలను మనకంటె వేగముగా నొక్కగలరు. కాని ఆ యంత్రము అంకెను, అక్షరమును ఎట్లు గుర్తించునని యడిగినచో మిన్నకుందురు. ఇది ఇంగ్లీషు చదివినవారి వ్యవహారమని మీరు తప్పుకొనవలదు. దీనిని బోధించుటకు వలయు సాధనములు మీ అటకమీదనే యున్నవి.

గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక – ఈ కొలపాత్రలను దింపించుడు. తాలూకాను బట్టి పేర్లలోను పరిమాణములలోను కొంత భేదము కలదు గాని, ఇచ్చట ప్రతి పాత్రయు తన క్రిందిదానికి రెట్టింపని గ్రహింతము. గిద్దల లెక్కలో అవి 1, 2, 4, 8, 16. ఇక పిల్లవానిని పిలిచి, ఏ పాత్రనైనను ఒక్కసారికంటె నెక్కువ ముంచక పదుమూడు గిద్దల బియ్యము కొలువుమనుడు. వాడు కొంత తడబడి, తవ్వెడు, సోలెడు, గిద్దెడు పోయును. వేరొక మార్గము లేదు. ముంచిన పాత్రకు 1, ముంచని పాత్రకు 0 వేసి, మానిక మొదలు గిద్దవరకు వరుసగా వ్రాయించుడు: 01101. కంప్యూటరునకు పదుమూడనగా నిదియే. ఏదియు ముంచనిచో 00000. అన్నియు ముంచినచో 11111, అనగా ముప్పదియొకటి. ఆరవ పాత్రగా అడ్డను చేర్చినచో అరువదిమూడు వరకు కొలువవచ్చును.

పది అంకెలుండగా యంత్రమునకు రెండే యేల? దాని లోపల కంటికి కానరాని విద్యుత్తు మీటలు కోట్లకొలది యున్నవి. దీపము వెలుగుచున్నదా, ఆరినదా యని చూపు మందగించినవాడును చెప్పగలడు. పదింట నెన్నవ వంతు వెలుగుచున్నదో చెప్పుట కష్టము. మీటల సంగతియు నట్టిదే. ఇట్టి మీటల కూర్పుతో తర్కమును, లెక్కలను నడపవచ్చునని అమెరికా దేశమున క్లాడ్ షానన్ 1937లో నిరూపించెను.

అక్షరములకును సంఖ్యలే గుర్తులు. లోకమందలి లిపులన్నిటికిని ఏర్పరచిన యూనికోడు పట్టికలో 1991 నుండి తెలుగునకు 128 గడుల తావు కలదు. అందు మన 'అ' సంఖ్య 3077. ఒకట్లు సున్నలలో 110000000101. పలకమీద 'అ' దిద్దు పసివానికి ఇది చూపినచో వాని సంతోషము చూడవలెను!

ఛందస్సు చదివినవారికి ఇందు వింత తోపదు. మ, య, ర, స, త, జ, భ, న గణములను ప్రస్తారక్రమమున నిలిపి, గురువునకు 0, లఘువునకు 1 వేసి, మొదటి అక్షరమును ఒకట్ల స్థానముగా నెంచుడు. మగణము 0, యగణము 1, రగణము 2. ఇట్లే నగణము 7 వరకు వరుస తప్పదు. పింగళుని సూత్రములలో ఈ ప్రస్తారవిధి యున్నది. అంతమాత్రమున ఆయన కంప్యూటరు నెరుగునని చెప్పుట పిల్లలకు అబద్ధము నేర్పుటయే. ఒకట్లు సున్నలతో కూడిక తీసివేతలు చేయు గణితమును లైబ్నిజ్ 1703లో ప్రకటించెను.

ఇక మన పొలముల లెక్క కూడ ఆ యంత్రమునకే యెక్కినది గదా! ఇరువదితొమ్మిది అనగా 11101. అందు మొదటి ఒకటి చెడి సున్న యైనచో పదుమూడగును. దీనికొక ఉపాయము కలదు. ఒకట్ల మొత్తము సరిసంఖ్య యగునట్లు చివర మరియొక అంకె చేర్తురు. 11101లో ఒకట్లు నాలుగు. కనుక చివర 0. తరువాత ఒకట్లు మూడే కనబడినచో ఎక్కడనో చెడినదని యంత్రము గుర్తించును. రెండంకెలు ఒక్కమారు చెడినచో ఈ ఉపాయము పారదు. అందులకు ఇంతకంటె గట్టి ఏర్పాట్లు వేరుగా నున్నవి.

అయితే, సర్వే నంబరు 29కి మారుగా గుమాస్తాయే 23 అని నొక్కినచో, యంత్రము ఆ 23నే సరిచూచి భద్రముగా దాచును. అప్పుడు మీ పెట్టెలోని పాత దస్తావేజే దిక్కు.