ద్రాక్షతోటల్లో విందు, రైతు గుండెల్లో గుబులు

గోదావరి పుట్టిన త్ర్యంబకేశ్వరానికి చేరువలో, నాసిక్‌ శివార్లలోని గంగాపూర్‌ జలాశయం పరిసరాల ద్రాక్షతోటలు వారాంతాల్లో పొద్దుపోయేదాకా సందడిగా ఉంటున్నాయి. సుమారు 170 కిలోమీటర్ల దూరంలోని ముంబయి నుంచి వచ్చే పర్యాటకులు సూర్యాస్తమయం చూస్తూ వైన్‌ రుచి చూస్తారు. సులా సంస్థ 2008లో ప్రారంభించిన సంగీతోత్సవానికి వచ్చినవారు తోటల్లోనే గుడారాలు వేసుకున్నారు.

నాసిక్‌ అసలు రుచి మాత్రం మిసళ్‌లో ఉంది. మొలకెత్తిన గింజల ఘాటు కూరపై కారప్పూస చల్లి, పావ్‌తో వడ్డిస్తారు. జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిఠలం, పచ్చిమిర్చి ఠేచా సరేసరి. ఠేచా దాదాపు మన రోటిపచ్చడే. ఇంతటి కారానికి వగరు ఎర్రవైన్‌ పొసగదు; కాస్త తీపి ఉన్న తెల్లవైన్‌ నయం.

సులా ఇక్కడ ఫ్రెంచి రకాలను 1997లో నాటింది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం పన్ను రాయితీలు ప్రకటించడంతో వైన్‌ కర్మాగారాలు వరసగా వెలిశాయి. చిక్కల్లా పంటతోనే. గింజలతో, మందపు తొక్కతో ఉండే ఈ చిన్న పండ్లను బజారులో కొనేవారుండరు. ముంబయిపై 2008 నవంబరులో జరిగిన ఉగ్రవాద దాడి, ఆర్థిక మాంద్యం కలిసి వైన్‌ గిరాకీని దెబ్బతీయగా, నిల్వలు పేరుకుపోయి కర్మాగారాలు కొనుగోళ్లు తగ్గించాయి. పలువురు రైతులు తీగలు పెరికివేసి, తినే ద్రాక్షకు మళ్లారు. నేడు వైన్‌ ద్రాక్షలో అధికభాగం కర్మాగారాలతో కుదుర్చుకున్న దీర్ఘకాలిక ఒప్పందాలపైనే సాగవుతోంది.