పరిమిత స్థలంలో అమెచ్యూర్ రేడియో యాంటెన్నా ఎంపిక: రుద్రారం పారిశ్రామిక ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:
సంగారెడ్డి జిల్లా రుద్రారం వంటి చోట్ల అద్దె ఇళ్ల డాబాలే హ్యామ్ రేడియో కేంద్రాలకు ఆధారం. 7 మెగాహెర్ట్జ్ పట్టీలో పనిచేసే మూడు యాంటెన్నాలను గణన ద్వారా పోల్చి, పరిమాణంతో పాటు సామర్థ్యం, విద్యుత్ రొద, భద్రతలను కూడా ఎంపికకు ప్రాతిపదికగా తీసుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హ్యామ్ రేడియో, విలోమ వి, లూప్ యాంటెన్నా, వికిరణ నిరోధం, విద్యుత్ రొద.

1. ఉపోద్ఘాతం:
2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌కు వెళ్లింది. డిసెంబరు 26న సునామీ వచ్చి టెలిఫోన్ సంబంధాలు తెగినప్పుడు, పోర్ట్‌బ్లెయిర్‌లోని వారి కేంద్రమే సమాచార వారధిగా నిలిచింది. విపత్తు వేళ అక్కరకు రావాలంటే కేంద్రం ముందే సిద్ధంగా ఉండాలి. అందులో ఎక్కువ స్థలం కోరేది యాంటెన్నాయే.

65వ నంబరు జాతీయ రహదారి వెంబడి ఉన్న రుద్రారంలో గీతం విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. చుట్టూ పటాన్‌చెరు పారిశ్రామిక వాడ విస్తరించింది. విద్యార్థులకైనా ఉద్యోగులకైనా దొరికేది నీళ్ల ట్యాంకు, డిష్‌లు పోగా మిగిలిన డాబాయే. 8 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు గల డాబాను ఇక్కడ ఉదాహరణగా తీసుకోవడమైనది.

2. విలోమ ‘వి’ యాంటెన్నా:
7.1 మెగాహెర్ట్జ్ వద్ద అర్ధతరంగ డైపోల్ పొడవు సుమారు 20 మీటర్లు. డాబా కర్ణం 14.4 మీటర్లే. కర్ణం మధ్యలో 7 మీటర్ల స్తంభం నిలిపి, 120 డిగ్రీల కోణంలో తీగలను వాలుగా దించితే ఒక్కో వైపు 8.3 మీటర్లు ఇముడుతుంది. మిగిలిన 1.7 మీటర్లను డాబా అంచు వెంబడి అదే ఎత్తులో మడవవచ్చు. ప్రవాహం మధ్యలో గరిష్ఠంగా, చివర శూన్యంగా ఉంటుంది. కనుక చివరి 17 శాతం తీగ వికిరణానికి అందించే వాటా దాదాపు 3.5 శాతమే. మడవడం వల్ల కలిగే నష్టం స్వల్పం. పౌనఃపున్యం కొద్దిగా మారితే తీగను సరిచేసుకోవాలి.

ఈ ఎత్తులో తరంగాలు ఎక్కువగా పైకి వెళ్లి అయనావరణం నుంచి తిరిగి వస్తాయి. పగటివేళ ఖమ్మం, విజయవాడ వంటి దూరాలతో సంభాషణకు ఇదే అనుకూలం.

3. పొట్టి నిలువు యాంటెన్నా:
3 మీటర్ల కడ్డీకి కాయిల్ జతచేస్తే స్థలం బాగా తగ్గుతుంది. అయితే దాని వికిరణ నిరోధం సుమారు 2 ఓములు మాత్రమే. భూమి నష్టం 10 ఓములనుకుంటే, కాయిల్ నష్టాన్ని లెక్కించకముందే సామర్థ్యం 17 శాతానికి పడిపోతుంది. పైగా అది నేరుగా పైకి దాదాపు ప్రసరించదు. కాబట్టి సమీప జిల్లాలతో సంభాషణకు అనుకూలం కాదు.

4. చిన్న లూప్ యాంటెన్నా:
22 మిల్లీమీటర్ల రాగి గొట్టంతో ఒక మీటరు వ్యాసం గల లూప్ బాల్కనీలో కూడా ఇముడుతుంది. 7.1 మెగాహెర్ట్జ్ వద్ద దాని వికిరణ నిరోధం 0.006 ఓములు, రాగి నిరోధం 0.032 ఓములు. కెపాసిటర్, అతుకుల నష్టాన్ని విడిచిపెట్టినా సామర్థ్యం 16 శాతమే. అదే లూప్ 14.2 మెగాహెర్ట్జ్ వద్ద 68 శాతానికి చేరుతుంది. అనునాద పట్టీ వెడల్పు సుమారు 5 కిలోహెర్ట్జ్ కావడంతో పౌనఃపున్యం మార్చిన ప్రతిసారీ కెపాసిటర్‌ను తిప్పుకోవాలి. 10 వాట్ల ప్రసారానికే కెపాసిటర్ మీద 1,800 వోల్టుల దాకా ఏర్పడుతుంది. ప్రసార సమయంలో దాని దగ్గరికి ఎవరూ రాకూడదు.

5. విద్యుత్ రొద:
పారిశ్రామిక వాడలో మోటార్ల వేగ నియంత్రికలు, వెల్డింగ్ యంత్రాలు, హైటెన్షన్ తీగలు రొదను పెంచుతాయి. ఈ పట్టీలో స్వీకరణ స్పష్టతను నిర్ణయించేది సంకేతానికి, రొదకు గల నిష్పత్తి. బయటి రొదే అధికమైనప్పుడు యాంటెన్నా సామర్థ్యం తగ్గితే సంకేతం, రొద రెండూ సమంగా తగ్గుతాయి, నిష్పత్తి మారదు. అందువల్ల ప్రసారంలో లోపమైన అల్ప సామర్థ్యం స్వీకరణలో అంతగా బాధించదు. నిలువుగా నిలిపిన లూప్‌ను తిప్పి, దాని అక్షాన్ని రొద వచ్చే దిశకు మళ్లిస్తే ఆ రొద గణనీయంగా తగ్గే అవకాశముంది.

6. ముగింపు:
• డాబా అందుబాటులో ఉంటే ప్రసారానికి చివరలు మడిచిన విలోమ ‘వి’ని, రొద ఎక్కువైతే స్వీకరణకు విడిగా లూప్‌ను ఎంచుకోవడం సమంజసం.
• బాల్కనీ మాత్రమే ఉన్నవారికి లూప్ సరిపోతుంది. 14 మెగాహెర్ట్జ్ పట్టీలో అది మెరుగ్గా పనిచేస్తుంది.
• స్తంభం కూలినా, తీగ తెగినా విద్యుత్ లైన్ల మీద పడనంత దూరం పాటించాలి. తీగ చివరలు చేతికి అందకూడదు. ఉరుముల సూచన కనిపించగానే కేబుల్‌ను రేడియో నుంచి విడదీయాలి.

స్థలం తక్కువన్నది కేంద్రం ఏర్పాటుకు అడ్డంకి కాదు. ఏ దూరంతో, ఏ వేళ మాట్లాడాలో ముందుగా నిర్ణయించుకొని, ఆ తరువాతే యాంటెన్నా పరిమాణాన్ని చూడటం సరైన క్రమం.