హాలిఫాక్స్ మగ్గాలు, సోమర్లేటన్ భూములు

విక్టోరియా రాణి కాలంలో (1837–1901) ఇంగ్లండులోని మిల్లుల సంపాదన మొదట పార్లమెంటు సభ్యత్వంగా, ఆ తరువాత భూస్వామ్యంగా రూపు మార్చుకున్న తీరు యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్ పట్టణానికి చెందిన ఫ్రాన్సిస్ క్రాస్లీ (1817–1872) జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. తండ్రి జాన్ క్రాస్లీ డీన్ క్లఫ్ అనే చోట తివాచీల మిల్లు నడిపేవాడు. కలిగిన ఇల్లే అయినా డబ్బు విలువ తెలియాలని చిన్న కొడుకు ఫ్రాన్సిస్ కోసం మిల్లులో ఒక మగ్గం పెట్టించి, బడి లేని వేళల్లో అతనిచేత నేయించాడు. 1837లో తండ్రి మరణించేనాటికి అక్కడ సుమారు 300 మంది పనిచేస్తుండగా, వ్యాపారం జాన్, జోసెఫ్, ఫ్రాన్సిస్ అనే ముగ్గురు అన్నదమ్ముల చేతికి వచ్చింది.

ఆ కాలంలో గిరాకీ ఉన్న బ్రస్సెల్స్ తివాచీ నేత ఏలూరు తివాచీ నేత వంటిది కాదు. ఏలూరులో నేతగాడు ఊలు ముడులు ఒక్కొక్కటిగా వేస్తాడు. బ్రస్సెల్స్ రకంలో ఊలు పడుగు కింద సన్నని తీగను దూర్చి, పేకతో బిగించి, తీగను లాగివేస్తే ఊలు చిన్న ఉచ్చులుగా పైకి లేచి నిలుస్తుంది. తీగ దూర్చడం, లాగడం చేతిపనిగా ఉన్నంతకాలం ఆవిరి యంత్రానికి ఈ నేత లొంగలేదు. క్రాస్లీ సోదరులు జార్జ్ కాలియర్ అనే యంత్ర నిపుణుణ్ణి నియమించి ఆవిరి మగ్గాన్ని సాధించడమే కాక, ఆ తీగల పనిని కూడా యంత్రంతోనే చేయించిన అమెరికన్ ఎరాస్టస్ బిగెలో పేటెంటు హక్కులను కొన్నారు. ఇతర మిల్లుల వారు ఈ మగ్గాలు వాడుకోవాలంటే రాయల్టీ, అంటే వాడకపు రుసుము, చెల్లించవలసి రావడంతో నేతతోపాటు హక్కులు కూడా క్రాస్లీ సోదరులకు సిరులు కురిపించాయి. ఇదే యంత్రం కిడర్‌మిన్‌స్టర్ పట్టణంలోని చేమగ్గాల వారి బతుకుతెరువును దెబ్బతీసింది. ఫ్రాన్సిస్ 1845లో పెళ్లాడిన మార్తా బ్రింటన్ ఆ ఊరి తివాచీ వ్యాపారి కుమార్తే. ఫ్రాన్సిస్ తరువాత చేసిన దానధర్మాలను లెక్కించేటప్పుడు ఈ నష్టాన్ని కూడా పక్కన ఉంచి చూడటం న్యాయం.

1852లో ఆయన లిబరల్ పక్షాన హాలిఫాక్స్ నుంచి పార్లమెంటుకు ఎన్నికై, 1859 నుంచి వెస్ట్ రైడింగ్ ప్రాంతానికి, 1865 నుంచి దాని ఉత్తర భాగానికి ప్రతినిధిగా మరణం వరకు కొనసాగాడు. అప్పట్లో సభ్యులకు జీతం లేదు, ఓటు హక్కు ఆస్తితో ముడిపడి ఉండేది. కనుక ఆయన మిల్లులో పనిచేసిన వారిలో చాలామందికి 1867 సంస్కరణ దాకా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసే హక్కు కూడా లేదు.

ఆ హక్కు లేని జనానికి ఆయన ఇచ్చినవి మాత్రం తక్కువేమీ కావు. 1855లో నిరుపేద వృద్ధుల కోసం 21 ధర్మగృహాలు కట్టించి, ఒక్కొక్కరికి వారానికి 6 షిల్లింగులు అందేలా నిధి ఏర్పరిచాడు. జోసెఫ్ పాక్స్‌టన్ రూపకల్పన చేసిన పీపుల్స్ పార్క్‌ను 1857 ఆగస్టులో పట్టణ ప్రజలకు అప్పగించాడు; 12 ఎకరాలకు పైబడిన ఆ ఉద్యానానికి, నిర్వహణ నిధితో కలిపి, 41,300 పౌన్లు వెచ్చించాడు. తరువాతి కాలంలో లండన్ మిషనరీ సొసైటీకి 20,000 పౌన్లు ఇచ్చాడు. 1805లోనే విశాఖపట్నం చేరి తెలుగు బైబిలు అనువాదానికి పూనుకున్న సంస్థ అది. అయితే వీటన్నిటికంటే ఆలోచింపజేసేది 1864 నాటి నిర్ణయం: మిల్లును వాటాల కంపెనీగా మార్చినప్పుడు, అనుకూలమైన షరతులపై పనివారికే కొన్ని వాటాలు ఇవ్వజూపారు. ఉద్యానం యజమాని దయకు గుర్తయితే, వాటా పనివాడికి లాభంలో హక్కు కల్పించింది.

అంతకు ముందు సంవత్సరమే, 1863లో, ఆయనకు బారొనెట్ బిరుదు, అంటే పేరుకు ముందు ‘సర్’ చేర్చుకునే వంశపారంపర్య గౌరవం, లభించింది. అదే సంవత్సరం రైల్వే గుత్తేదారు శామ్యూల్ మోర్టన్ పీటో నుంచి సఫోక్‌లోని సోమర్లేటన్ భవనాన్నీ, ఎస్టేటునూ కొని భూస్వామి అయ్యాడు. పచ్చిక బయలు చుట్టూ ఇళ్లతో పీటో తీర్చిదిద్దిన గ్రామం కూడా అలా ఆయన చేతికి వచ్చింది. మిల్లు ఎంత సంపాదించి పెట్టినా పెద్దమనుషుల వర్గంలో స్థిరమైన చోటు దక్కాలంటే నేల ఉండవలసిందేనన్నది నాటి ఆంగ్ల సమాజపు నమ్మకం. ఆయన మరణించినప్పుడు పద్నాలుగేళ్ల వాడైన కుమారుడు సావిల్ 1916లో బారన్ సోమర్లేటన్ అయ్యాడు. ఆ ప్రభు బిరుదులో నిలిచింది భూమి పేరే గాని మిల్లు పేరు కాదు.

ఆయన కన్నుమూసింది మాత్రం హాలిఫాక్స్‌లోనే, పీపుల్స్ పార్క్ చెంతనున్న బెల్ వ్యూ భవనంలో. ఆయన బతికుండగానే, 1860లో, పట్టణవాసులు చందాలు వేసుకుని చేయించిన ఆయన పాలరాతి విగ్రహం ఆ పార్కులో ఉంది.