ఎక్స్‌ట్రాగా వచ్చి హీరోయినైన డయానా!

డయానా! పేరు వినగానే ఎవరో హాలీవుడ్ తార అనుకుని బొమ్మ కోసం పేజీ అంతా వెతుకుతున్నారా? ఆగండి. ఈ డయానా ఒళ్ళు నలుపు, నెత్తి నీలం, కన్ను ఒక్కటే. అదీ ప్లాస్టిక్‌ది! చేతిలోకి తీసుకుంటే ఖాళీ సబ్బుపెట్టె ఎంత బరువో అంతే. బొమ్మల కొట్లో పిల్లాడు మారాం చేస్తే కొనిపెట్టే సరుకు. అయినా ఈ డబ్బా తీసిన ఫొటోలు మ్యూజియంలకెక్కాయి. ఎక్స్‌ట్రా వేషానికొచ్చి హీరోయినైన తారల కథలు మీరు చాలానే చదివివుంటారు. ఇదీ అలాంటిదే.

పుట్టింది హాంకాంగ్‌లో. కౌలూన్‌లోని గ్రేట్ వాల్ ప్లాస్టిక్ ఫ్యాక్టరీవారు 1960ల మొదట్లో దీన్ని తయారుచేసి అమెరికాకు, ఇంగ్లండుకు ఓడల మీద పంపేవారు. డజన్ల లెక్క కూడా కాదు, గ్రోసుల లెక్క. పెట్టెకు 144 కెమేరాలు! టోకున ఒక్కోటి అర డాలరు ప్రాంతంలో పడేది. మన తిరునాళ్ళలో రింగు విసిరి సబ్బుబిళ్ళ గెలుచుకుంటామే, అట్లా అక్కడి సంతల్లో డయానాను గెలుచుకునేవారు. పైగా ఇదే ఒడ్డూ పొడుగుతో ఆరో, బానర్, డోరీస్, విండ్సర్ అంటూ బోలెడు మారుపేర్లు. సినిమావాళ్ళు పేరు మార్చుకోవడం ఏం గొప్ప?

ఇక లోపల ఏముందో చూద్దాం. ముందువైపు కళ్ళజోడు అద్దంలా వంగిన ఒకే ఒక్క ప్లాస్టిక్ బిళ్ళ. అదే లెన్సు. ఎండకీ, ఎండా మబ్బూ కలిసినప్పటికీ, ముసురుకీ మూడు గుర్తులు. దూరానికి మరో మూడు గుర్తులు. పక్కన చిన్న మీట. దాన్ని కిందికి నొక్కితే "టిక్" మంటుంది. అంతే సంగతులు.

రీలు మాత్రం బొమ్మ రీలు కాదు. కొడాక్‌వారు 1901లో తెచ్చిన 120 రీలు. సినిమా ఫిలిం 35 మిల్లీమీటర్ల వెడల్పు, అంచులకు చిల్లులు. ఇది దాదాపు 61 మిల్లీమీటర్లు, చిల్లులుండవు, వెనక నల్ల కాగితం చుట్టివుంటుంది. మన స్టిల్ ఫొటోగ్రాఫర్లు రోలీఫ్లెక్స్‌లలో వేసి తారల స్టిల్స్ తీసిందీ, మన ఇళ్ళలో ఆగ్ఫా క్లిక్-త్రీ కెమేరాలో వేసిందీ ఈ రీలే. పట్టుచీరకు సరిపోయే జరీ తెచ్చి గోనెసంచికి కుట్టినట్టు, అంత మంచి ఫిలింను ఈ డబ్బాలో పెట్టారన్నమాట! రీలుకు 16 చదరపు ఫొటోలు, ఒక్కోటి నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు.

ఆ ఫొటోలు ఎలా వుంటాయంటారా? నడిమధ్య కొంచెం స్పష్టంగా వుంటుంది. అంచులకు వెళ్ళేకొద్దీ అన్నీ కరిగిపోతాయి. లెన్సు వెలుగు మూలలదాకా సరిగా అందదు కనుక నాలుగు మూలలూ చీకటి. వెనక తలుపు సందుల్లోంచి ఎండ దూరి ఫొటో మీద తెల్లచార గీస్తుంది. రీలు తిప్పకుండా మళ్ళీ నొక్కినా అడ్డుకునే ఏర్పాటు లేదు. బొమ్మ మీద బొమ్మ పడిపోతుంది. "రాముడు భీముడు" (1964)లో ఇద్దరు ఎన్.టి.రామారావుల్ని ఒకేచోట చూపడానికి లెన్సుకు మాస్కు కట్టి, అదే ఫిలిం మీద రెండుసార్లు తీసే పద్ధతి వుందే, అందుకు ఎంత లెక్క, ఎంత జాగ్రత్త! డయానాకు మతిమరుపు చాలు.

అయోవా పేరు, ఓహియో వూరు

నాన్సీ రెక్స్‌రాత్ అనే అమెరికన్ అమ్మాయి ఓహియో విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ చదువుతున్న రోజుల్లో ఈ బొమ్మ కెమేరా పట్టుకుంది. చిన్నప్పుడు వేసవి సెలవులకు ఆమెను అయోవా రాష్ట్రంలోని బంధువుల ఇళ్ళకు తీసుకెళ్ళేవారు. మనకు అమ్మమ్మగారి వూరు ఎలాగో ఆమెకు అయోవా అలాగ. ఆ ఇళ్ళు, ఆ ఎండ, ఆ గదులు మనసులో వుండిపోయాయి. పెద్దయ్యాక 1970 నుంచి 1976 దాకా డయానాతో ఫొటోలు తీసింది. ఎక్కడ? ఎక్కువగా ఓహియోలోనే! తెల్లటి చెక్క ఇళ్ళు, కిటికీ తెరలు, కన్నతల్లి, ఏమ్స్‌విల్ అనే చిన్న వూళ్ళో గాల్లో తేలుతున్న కుర్రాళ్ళు. 1977లో పుస్తకం వేసి దానికి "అయోవా" అని పేరు పెట్టింది. లోపల ఫొటోల కింద చూస్తే ఓహియో వూళ్ళ పేర్లు!

మద్రాసు స్టూడియోలో సెట్టు వేసి ఇది కాశ్మీరమంటే మనం నమ్మలేదా? కానీ ఇక్కడ ప్రేక్షకుల్ని నమ్మించే ప్రయత్నం లేదు. జ్ఞాపకంలో వున్న వూరికి రైలు టిక్కెట్టు దొరకదు కదా. జ్ఞాపకమూ అంతేనేమో. నడుమ ఒక ముఖం స్పష్టంగా వుంటుంది, చుట్టూ అంతా మసక. మంచి లెన్సుతో తీసివుంటే అవి ఓహియో ఇళ్ళ ఫొటోలే అయ్యేవి. ప్లాస్టిక్ బిళ్ళ వాటిని అయోవా చేసింది. ఆ తర్వాత 1979లో కాలిఫోర్నియాలోని కార్మెల్‌లో అచ్చంగా డయానా ఫొటోలతోనే ప్రదర్శన పెట్టారు. అప్పటికి ఫ్యాక్టరీలో డయానా తయారీ ఆగిపోయింది. కొడాక్ ఇన్‌స్టమాటిక్‌ల ధాటికి బొమ్మ కెమేరాను అడిగే నాథుడు లేకుండాపోయాడు.

నాకో మిత్రుడున్నాడు. అసిస్టెంట్ కెమేరామన్. ఈ ఫొటోలు చూపిస్తే పెదవి విరిచాడు.

"ఏమిట్రా దీని గొప్ప? ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే ఇంతకన్నా మంచి మసక వస్తుంది. మా గురువులు హీరోయిన్ క్లోజప్‌కి లెన్సు ముందు నెట్టు కట్టేవాళ్ళు. అది చెయ్యి తిరిగిన పని. ఇది చేతకాని పని!"

వాడి మాట కొట్టిపారేసేది కాదు. మార్కస్ బార్‌ట్లే "మాయాబజార్" (1957)లో కురిపించిన వెన్నెల పొరపాటున కురిసింది కాదు. అయితే నెట్టు విప్పేయవచ్చు, ఫోన్లో మసక తుడిచేయవచ్చు. డయానాతో ఆ బేరం లేదు. ఏం వచ్చిందో రీలు కడిగాకే తెలుస్తుంది, వచ్చింది వచ్చినట్టే వుంచుకోవాలి.

మా నాయనమ్మకు వున్న ఫొటో ఒక్కటి. వూళ్ళో ఎవరో అరువు తెచ్చిన డబ్బా కెమేరాతో, మధ్యాహ్నపు ఎండలో, అరుగు మీద తీశారు. తీసినవాళ్ళ చెయ్యి వణికినట్టుంది, ముఖం సగం కదిలిపోయింది. నల్ల అట్టల ఆల్బంలో నాలుగు కార్నర్ల మధ్య ఇప్పటికీ వుంది. మా నాన్న ఏ రోజూ దాన్ని "పాడైన ఫొటో" అనగా నేను వినలేదు. "మీ నాయనమ్మ నవ్వబోతోందిరా, అందుకే కదిలింది" అనేవాడు. ఫొటో బాగుందా అని అడగడం ఒకటి, ఎవరిదని అడగడం ఒకటి. మా మిత్రుడికి ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అది వేరు" అన్నాడు. వేరేనా? నాకింకా అనుమానమే.

డయానాకు చెల్లెలు కూడా వుంది. పేరు హోల్గా. 1982లో హాంకాంగ్‌లోనే లీ టింగ్-మో అనే ఆయన, చైనాలో 120 రీలే ఎక్కువగా దొరుకుతుందని సామాన్యుల కోసం తయారుచేశాడు. సొంతగడ్డ మీద ఫ్లాపు, పడమటి దేశాల్లో హిట్టు! డేవిడ్ బర్నెట్ అనే పేరున్న పత్రికా ఫొటోగ్రాఫర్ 2000 అమెరికా ఎన్నికల్లో ఆల్ గోర్‌ను హోల్గాతో తీసిన ఫొటోకు బహుమతి వచ్చింది. 2015లో తయారీ ఆపేశారు, 2017లో మళ్ళీ మొదలెట్టారు. డయానాకూ 2007లో లోమోగ్రఫీ సంస్థ కొత్త అవతారం ఎత్తించింది. సంతలో వూరికే వచ్చిన లోపాన్ని జనం ఇప్పుడు డబ్బు పోసి కొనుక్కుంటున్నారు. తమాషాగా లేదూ?

మీకెవరికైనా పాత పెట్టెల్లోనో, ఆదివారం సంతలోనో ఇలాంటి ప్లాస్టిక్ డబ్బా దొరికితే పారెయ్యకండి. 120 రీలు ఇవాళ్టికీ తయారవుతోంది. నీడలో నిలబడి రీలు ఎక్కించండి. తలుపు సందులకు నల్ల టేపు అంటించండి, వెనక ఎర్రకిటికీకి కూడా. మంచి ఎండలో, ఆరడుగుల దూరంలో మనిషిని నిలబెట్టి, ఊపిరి బిగబట్టి మీట నొక్కండి. నొక్కిన ప్రతిసారీ టేపు కాస్త ఎత్తి, కిటికీలో తర్వాతి అంకె కనబడేదాకా రీలు తిప్పండి. 16 అయ్యాక కాగితం పూర్తిగా చుట్టుకునేదాకా తిప్పి, నీడలోనే బయటికి తీసి, కొసకున్న పట్టీ తడిచేసి అంటించండి. కడిగే చోటు మీ వూళ్ళో లేకపోతే బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంట్లోనే కడుక్కోవచ్చు, కావలసిందల్లా చీకటి గది, ఒక డబ్బా, రెండు మూడు మందులు.