పాత పాట, కొత్త బ్యాండ్... ‘ఒరిజినలే బెటర్’ అనే ముందు ఒక్క నిమిషం!

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే సీటు దొరుకుతుంది. చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి నిలబడటానికే చోటుండదు. బ్యాగు ముందుకు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఓ చేత్తో సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని అమీర్‌పేట వైపు వెళ్తున్నారా? అయితే ఈ ముచ్చట మీకే. ఈ రూట్లో 2018 సెప్టెంబరులో రైలు మొదలైన కొత్తలో నేనూ అచ్చం అలాగే వేలాడుతూ వెళ్లేవాణ్ని.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో మాది ముగ్గురి గది. ఒకడు గ్రూప్స్, ఒకడు బ్యాంకు, నేను సాఫ్ట్‌వేర్. రాత్రి మెస్‌లో తినొచ్చాక రోజూ ఒకటే పంచాయితీ. నేను కవర్ సాంగ్ పెడతా. అంటే పాత హిట్‌ను వేరే బ్యాండ్ మళ్లీ పాడింది. గ్రూప్స్‌వాడు వెంటనే ‘‘ఆపురా, పాత పాటను పాడుచేశారు’’ అనేవాడు. కనీసం పల్లవైనా పూర్తి కానిచ్చేవాడు కాదు.

ఇంటర్వ్యూలో ఆ పాటలే నా మెడకు చుట్టుకున్నాయి. రెజ్యూమెలో హాబీ కింద ‘గిటార్, కవర్ సాంగ్స్’ అని రాసుకున్నా. ప్యానెల్‌లో ఒకాయన అది చూసి ‘‘ఏ పాట చేశారు?’’ అని అడిగారు. చెప్పాను. ‘‘ఒరిజినల్‌కూ మీదానికీ తేడా ఏంటి?’’ ‘‘సేమ్ టు సేమ్ దించేశాం సార్’’ అన్నా, గర్వంగా. ‘‘మరి నేను మీది ఎందుకు వినాలి?’’ అన్నారు. నోట మాట రాలేదు. ఉద్యోగం రాకపోవడానికి అదొక్కటే కారణం కాదు లెండి, కోడింగ్ రౌండ్ కూడా అంతంతే. కానీ ఆ ప్రశ్న మాత్రం హాస్టల్ దాకా నాతోనే వచ్చింది.

దానికి జవాబు వెతుకుతూ విన్నవాటిలో ఒకటి ‘ద సౌండ్ ఆఫ్ సైలెన్స్’. సైమన్, గార్ఫంకెల్ మెత్తగా పాడిన పాట. 2015లో డిస్టర్బ్‌డ్ అనే హెవీ మెటల్ బ్యాండ్ దాన్ని ముట్టుకుంది. మెటల్ వాళ్లు కదా, గిటార్లతో దంచేస్తారని అందరూ అనుకుంటారు. వాళ్లు గిటార్ల హోరు పక్కన పెట్టేశారు. పియానో, వయొలిన్లు, అడుగు నుంచి మొదలై అరుపు దాకా ఎదిగే గొంతు... ఇవే ముందుకొచ్చాయి. పాట రాసిన పాల్ సైమన్ ఆ టీవీ ప్రదర్శన చూసి మెచ్చుకుంటూ గాయకుడికి ఈమెయిల్ పంపారు. శ్రోతల్లో మాత్రం ఇప్పటికీ రెండు వర్గాలు. ఒకరికి ఏడుపొస్తుంది, ఇంకొకరికి అతిగా అనిపిస్తుంది.

అసలు తమాషా వేరే ఉంది. మనం ‘ఒరిజినల్’ అని వెనకేసుకొచ్చే ఆ హిట్ కూడా మొదటిది కాదు. 1964లో వచ్చిన తొలి రికార్డింగ్ పూర్తిగా అకౌస్టిక్. అది ఆడలేదు. 1965లో నిర్మాత టామ్ విల్సన్ ఆ ఇద్దరికీ చెప్పకుండానే దానికి ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్ కలిపి మళ్లీ విడుదల చేశారు. 1966 జనవరికి అది అమెరికాలో నంబర్ వన్! మరి పాడుచేసిందెవరు, బాగుచేసిందెవరు?

ఉన్నదున్నట్టు దించి గెలిచినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. టోటో బ్యాండ్ 1982 నాటి ‘ఆఫ్రికా’ను వీజర్ వాళ్లు పాడాలని ఓ స్కూలు పిల్ల ట్విటర్లో పట్టుబట్టింది. 2018లో వాళ్లు పాడారు. పెద్దగా ఏమీ మార్చలేదు. అయినా హిట్టే. నా లెక్కలో అక్కడ జనం చప్పట్లు కొట్టింది పాటకు కాదు, ఆ సరదా కథకు. అలాంటి కథ మనకు రోజూ దొరకదు.

మన దగ్గరికి వద్దాం. బెంగళూరు బ్యాండ్ అగం త్యాగరాజ కృతులను రాక్ గిటార్లు, డ్రమ్స్‌తో వినిపిస్తుంది. గాయకుడు హరీశ్ శివరామకృష్ణన్ బిట్స్ పిలానీలో చదివి, డిజైనర్‌గా ఉద్యోగం చేస్తూనే పాడారు. వినేవాళ్లలో కుర్రకారు ఊగిపోతే, సంప్రదాయం తెలిసినవాళ్లలో కొందరు నొచ్చుకుంటారు. వాళ్ల బాధను కొట్టిపారేయలేను. డ్రమ్స్ హోరులో సాహిత్యం మునిగిపోతే కృతిలో మిగిలేదేముంది? కానీ త్యాగరాజస్వామి 1847లోనే వెళ్లిపోయారు, ఆయన గొంతు రికార్డు లేదు. శిష్య పరంపరలే ఒక్కో కృతిని ఒక్కోలా పాడుతూ వచ్చాయి. దానికి పాఠాంతరం అని మర్యాదైన పేరుంది. మా గ్రూప్స్‌వాడికి ఇది చెప్తే మొదటిసారి పాట చివరిదాకా విన్నాడు. నచ్చలేదన్నాడు. అదీ మంచిదే, ఈసారి కారణం చెప్పాడుగా: ‘‘మాటలు వినపడట్లేదు.’’

మీరూ బ్యాండ్ పెట్టి పాటలు అప్‌లోడ్ చేసే ఆలోచనలో ఉంటే చట్టం సంగతి చూసుకోండి. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన 31సి సెక్షన్ ప్రకారం, పాట తొలిసారి రికార్డయిన ఏడాది ముగిశాక అయిదేళ్లకు గానీ కవర్ రికార్డింగుకు ఈ దారి లేదు. ముందుగా నోటీసివ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. పైగా హక్కుదారు ఒప్పుకోని మార్పులు, సాంకేతికంగా అవసరమైతే తప్ప, చేయకూడదు. వీడియో పెడితే అది మళ్లీ వేరే లెక్క. యూట్యూబ్ కంటెంట్ ఐడీ మీ గిటార్‌లో కూడా పాత బాణీని పట్టేయగలదు, ప్రకటనల డబ్బు హక్కుదారుకు వెళ్లొచ్చు. వేదిక మీద పాడటమూ తేలిక కాదు. 2017లో తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని ఇళయరాజా తరఫున ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అంతటివారికే నోటీసు వెళ్లింది. కొత్త బ్యాండ్లు జానపదాలు, కీర్తనల వైపు చూడటానికి ఇదీ ఒక కారణమే అనుకుంటా. ఆ పాత సాహిత్యానికి, సంప్రదాయ బాణీకి సాధారణంగా హక్కుదారులుండరు. ఎవరో చేసిన రికార్డింగును వాడుకుంటే మాత్రం దానికి హక్కులుంటాయి, జాగ్రత్త.

ఆర్నెల్ల తర్వాత మరో ఇంటర్వ్యూ. రెజ్యూమెలో ఆ హాబీ లైను తీసేయలేదు, మార్చాను: ‘‘ఓ జానపదాన్ని డప్పు లేకుండా, గిటార్‌తో నెమ్మదిగా చేశాం.’’ ఎందుకు నెమ్మదిగా అని అడిగారు. ఆ పాటలో అమ్మాయి ఊరొదిలి వెళ్లిపోతోంది, డప్పు మోతలో ఆమె మాట వినపడటం లేదు సార్ అన్నాను. ఆయన ఓ క్షణం ఆగి, ‘‘సరే, ఇప్పుడు జాయిన్స్ గురించి చెప్పు’’ అన్నారు. అదృష్టం కొద్దీ అవి వచ్చు.