గేటెత్తితే నురగ

హోసూరు పక్కన కెలవరపల్లి డ్యామ్ గేట్లు ఎత్తారంటే చాలు, దిగువన ఏరు కనబడదు. తెల్లటి నురగ గుట్టలు గుట్టలుగా కదులుతుంది. గాలి వీస్తే ముద్దలుగా లేచి పొలాల్లో పడుతుంది. వరద పెరిగినప్పుడు తట్టిగానపల్లి దగ్గర నేలవంతెనను కప్పేసి రాకపోకలు ఆపేస్తుంది. దాంతో పాటే ముక్కు పగిలే మురుగు కంపు. ఫొటోలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు పొద్దుగూకేసరికి వెళ్ళిపోతారు. ఆ నీళ్ళతో పైరు పెట్టుకున్నవాళ్ళు ఎక్కడికి పోతారు?

ఈ ఏరు దక్షిణ పినాకిని. నంది కొండల్లో పుట్టి, బెంగళూరు తూర్పు అంచున పారి, హోసూరు దగ్గర తమిళనాడులో అడుగుపెడుతుంది. మహానగరం మురుగు బెళ్ళందూరు చెరువులోకి, అక్కణ్ణుంచి వర్తూరు చెరువులోకి, అది నిండి పినాకినిలోకి వస్తుంది. సబ్బుపొడుల్లో ఉండే, ఫ్యాక్టరీలు వాడే నురగ రసాయనాలు శుద్ధి కాకుండా ఇందులో కలుస్తాయి. గేటు దగ్గర నీళ్ళు ఎత్తునుంచి పడి సుడి తిరిగేసరికి నురగ కడుతుంది. అది కంటికి కనిపించే చెరుపు మాత్రమే. నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చావడం, నేల మెల్లగా పాడవడం ఫొటోల్లో పడవు.

బెళ్ళందూరు చెరువు 2015లో, 2017లో, 2018లో అంటుకుంది. నీటిమీద మంట! 2018 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్లు, బెంగళూరు మహానగర పాలికెకు 25 కోట్లు జరిమానా వేసింది. చెరువు బాగుకు 500 కోట్లు విడిగా పెట్టమంది. మంచిదే. కానీ చెరువు దిగువన, సరిహద్దు దాటాక ఉన్న రైతు గోడు ఎవరు వినాలి? ఇక్కడి కలెక్టరు మాట అక్కడ చెల్లదు, అక్కడి ఓటు ఇక్కడివాళ్ళకు లేదు.

కెలవరపల్లి దాటి ఏరు కృష్ణగిరి డ్యామ్ వైపు సాగుతుంది. ఈ ఏటి పక్క తాలూకాల మేకలు, గొర్రెలు శుక్రవారం కృష్ణగిరి దగ్గరి కుందారపల్లి సంతకు చేరతాయి. కొనేవాడు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, నడుం పట్టి బరువు అంచనా కడతాడు. అది ఏ నీళ్ళు తాగి పెరిగిందో అడిగే అలవాటు సంతలో లేదు.

న్యాయానికి దారి లేక కాదు. శుభ్రమైన నీరు, గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పక్కనున్న వేలూరులో తోళ్ళ ఫ్యాక్టరీలు పాలారు నదిని పాడుచేస్తే, చెరిచినవాడే మూల్యం చెల్లించాలని 1996లో తీర్పిచ్చింది. బాధిత కుటుంబాలకు ముందు ప్రభుత్వమే పరిహారం చెల్లించి, ఆ సొమ్మును కాలుష్య కారకుల దగ్గర వసూలు చేయాలని 2025 జనవరి 30న మళ్ళీ ఆదేశించింది. పాలారు రైతుకు దక్కిన న్యాయం పినాకిని రైతుకూ దక్కాలి. నష్టం లెక్కగట్టే అథారిటీ రెండు రాష్ట్రాలకూ కలిపి ఉండాలి. నీటి పరీక్షల ఫలితాలు ఏటి పక్క ప్రతి పంచాయతీలోనూ తెలుగు, తమిళ, కన్నడాల్లో అంటించాలి.

బెళ్ళందూరు, వర్తూరు చుట్టుపక్కల అపార్టుమెంట్లలో, టెక్ పార్కుల్లో వేలాది తెలుగువాళ్ళున్నారు. ఈ ఆదివారం మీ సంఘం సమావేశంలో ఒక్క ప్రశ్న వేయండి: మన మురుగుశుద్ధి ప్లాంటు రోజూ నడుస్తోందా, నీళ్ళు ఎటు వదులుతున్నాం?