కీటకభక్షకములగు మొక్కలు – పెంపుడు కప్పలు

గాజుపెట్టెలో మన్ను నింపి చిన్న మొక్కలను బెంచుట నేడు పట్టణములయందు మిక్కిలి వాడుకయైనది. హైదరాబాదు పాతబస్తీలో ఇండ్లు ఇఱుకు, పెరడులు తక్కువ. కావున మా శాలిబండ ప్రాంతపు బాలబాలికలును ఇట్టి పెట్టెను గోరుచున్నారు. అందు పురుగులను దిను మొక్కను నాటి, ఒక చిన్న కప్పను విడిచినచో రెండును వేడుకగా నుండునని వారి యూహ. ఈ కోరిక దీర్చుటకు ముందు తల్లులు తెలిసికొనదగిన సంగతులను మేమిచట విన్నవించుచున్నాము. ఏలయన, ఇది బొమ్మల కొలువు గాదు, ఇందు ప్రాణములున్నవి.

గాజుపెట్టె పెంపకమునకు దారి చూపినవాడు లండను నగరపు వైద్యుడు నతానియేల్ వార్డు. 1829లో ఆయన మూతగల సీసాలో తడిమన్నుంచి, అందొక పురుగు గూటిని బెట్టి చూచుచుండగా, ఆ మన్నులో ఫెర్ను మొక్కయు గడ్డియు మొలచెను. మన్నులోని తడి ఆవిరియై యద్దమున కంటుకొని, మరల జారి మన్ను జేరును. ఇందువలన మాటిమాటికి నీరు పోయకయే మొక్క బ్రదుకును. అయితే లండను చలికి జెల్లినది మన వేసవికి జెల్లదు. ఏప్రిలు, మే నెలలలో 40 డిగ్రీలు దాటు నెండలో మూసిన గాజుపెట్టె నుంచినచో లోపలి ప్రాణి యుడికిపోవును.

ఇక మొక్క మాట. మన తెలుగుసీమలో సహజముగా బెరుగు కీటకభక్షకములలో డ్రోసెరా యొకటి. సారములేని తడి ఇసుకనేలలలో ఇది యెఱ్ఱని చిన్న చక్రమువలె నేల కంటుకొని యుండును. ఆకుల మీది నూగు కొనలయందు జిగురు బిందువులు మంచువలె మెఱయును. తేనెయని భ్రమసి వ్రాలిన చిన్న పురుగు అందు జిక్కుకొనును. డ్రోసెరా బర్మనీ యను జాతిలో నూగు కొన్ని క్షణములలోనే వంగి దానిని బంధించును. పిమ్మట ఆకు ఒక రసము నూరించి పురుగును జీర్ణము చేసికొనును. చార్లెస్ డార్విన్ 1875లో ఇట్టి మొక్కలను గూర్చి ఒక గ్రంథమే ప్రకటించెను.

మొక్కకు పురుగేల? పేదనేలలో నత్రజని చాలదు. ఆ కొఱతను పురుగుతో దీర్చుకొనును. దాని వేళ్లు లేమికే అలవాటుపడినవి. ఎరువు వేసినను, లవణములు గల బోరునీరు పోసినను అది చెడును.

కప్ప తీరు వేఱు. అది నీటిని నోటితో ద్రాగదు, చర్మముతో బీల్చును. కావుననే కుళాయినీటిలోని క్లోరిను దానికి హాని చేయును. డ్రోసెరాకు మంచి వెలుతురు గావలెను. కప్పకు నీడయు, దాగుచోటును గావలెను. కప్ప మలమూత్రములు మన్నున జేరి, తులసికైన బలమగునేమో గాని, డ్రోసెరాకు విషమగును. రాత్రి అది గంతులు వేయగా లేత వేళ్లు కదలిపోవును. ఒకరి యన్నము వేఱొకరికి విషమైన చోట, ఇద్దఱిని ఒకే కప్పు క్రింద నుంచుట దయ యనిపించుకొనునా?

ఈ రెండింటికి పొత్తు కుదిరిన చోటు లోకమున లేకపోలేదు. బోర్నియో దీవిలో నెపెంథిస్ ఆంపుల్లేరియా యను మొక్కకు కుండలవంటి తిత్తు లుండును. ఆ కుండలలో గ్రుడ్లు పెట్టు నొక చిట్టికప్పను గూర్చి ఇంద్రనీల్ దాస్, అలెగ్జాండర్ హాస్ అను శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిరి. మగకప్ప 13 మిల్లీమీటర్లకు మించదు. ఆ మొక్క రాలుటాకుల నుండియు పోషణము గొనును. కావున కప్పపిల్లలకు కుండనీరు పురిటిల్లైనది. అడవి యుగయుగములుగా గూర్చిన యా పొత్తును మనము ఒక్కదినమున గాజుపెట్టెలో గూర్పజాలము.

అట్లని వేడుక మాననక్కఱలేదు; వేఱుచేసిన జాలును. డ్రోసెరాను అడవినుండి పెఱికి తేక, పెంచి యమ్మువారి వద్దనే కొనవలెను. ఎరువు కలియని పీట్ మన్నును, బాగుగా గడిగిన యిసుకను గలిపి ప్లాస్టిక్ కుండీలో నింపి, పళ్లెములో అంగుళము లోతు వాననీరుంచి, ఉదయపు టెండ దగులుచోట బెట్టవలెను. వానకాలమున మిద్దెమీద శుభ్రమైన పాత్రలో బట్టిన నీటిని మూతవేసి దాచుకొన్నచో వేసవికి వచ్చును. అది చాలనిచో స్వేదనజలము మేలు. పురుగులను మనము వేయ బనిలేదు, అవియే వచ్చును.

కప్పకు పెట్టెయే వలదు. ఋగ్వేదమున కప్పలపై నొక సూక్తమే గలదు. వానతోడి దాని చుట్టఱికము అంత ప్రాచీనము. విదేశముల భోజనమునకై మన కప్పలను విరివిగా జంపి కాళ్ల నెగుమతి చేయుచుండగా, 1987లో భారతప్రభుత్వము దానిని నిషేధించినది. పైరు నాశనము చేయు పురుగులను దిను నేస్తమును బోగొట్టుకొనరాదని అప్పుడు తెలిసినది. వాకిట ఒక మూల నీడను, తడిమన్నును, వెడల్పు పళ్లెములో నీటిని ఉంచి, పురుగుమందు చల్లకున్నచో, దారి యున్నచోట కప్ప తనంతట వచ్చును. ఆ నీటిని రెండుమూడు దినములకొకసారి పాఱబోయుచుండవలెను. లేనిచో దోమలు బెరుగును.

పిల్లలు కుండీని పగలును, కప్పను రాత్రి దీపపు వెలుతురునను చూచి యానందింతురు. పట్టి యుంచిన ప్రాణికంటె, తనంతట వచ్చి పోవు ప్రాణియే వారికి ఎక్కువ నేర్పును.